పీట ఒకచోట, విస్తరి ఒకచోట

మా అనకాపల్లి వాళ్లకి చాలాకాలం రాజధాని అంటే ఒక రైలు. పొద్దువాలే వేళ విశాఖలో బయల్దేరి, మా స్టేషన్లో ఆగి, తెల్లారేసరికి హైదరాబాదులో దింపేసే గోదావరి ఎక్స్‌ప్రెస్. 1974లో మొదలైన ఆ బండిలో బదిలీ కోసం వెళ్లే టీచరు, పెన్షను ఫైలు చంకన పెట్టుకున్న రిటైర్డు గుమాస్తా, ఎమ్మెల్యే క్వార్టర్సులో ఓ రాత్రి తలదాచుకోవడానికి సిఫారసు ఉత్తరం తెచ్చుకున్న కుర్రాడు, అందరూ ఒకే పెట్టెలో కనిపించేవారు. సీటు కింద గోనెగుడ్డలో చుట్టిన బెల్లం దిమ్మ ఉండేది. అది ఎవరింటికి చేరేదో అడక్కూడదు. అది లంచం కాదు, మర్యాద అని మా నమ్మకం.

2014 జూన్ 2 తర్వాత అది పక్క రాష్ట్రానికి పోయే రైలైపోయింది. మరి మన రాజధానికి ఏ బండెక్కాలి? ఈ ప్రశ్నకి పదేళ్లలో మూడు జవాబులు విన్నాం. ముందు కృష్ణ ఒడ్డున అమరావతి అన్నారు. తర్వాత మాకు గంట ప్రయాణంలో ఉన్న విశాఖ అన్నారు. మళ్లీ అమరావతి అన్నారు. బెల్లం మార్కెట్లో వేలంపాట అయ్యాక టీ తాగుతూ ఓ కొలగారు (బెల్లం కమీషను వ్యాపారి) నన్నడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మాస్టారూ, పీట వేసిన చోటే విస్తరేస్తారని గ్యారంటీ ఏటి?"

ఆయన అడిగింది బెల్లం బేరంలో ఆరితేరిన మనిషి ప్రశ్న. రంగు చూసి దిమ్మ కొనకూడదు, విరిచి చూడాలి. రాజధాని తగువును కూడా అలా విరిచి చూస్తే లోపల వందేళ్ల పొరలు కనిపిస్తాయి.

తగువు రాష్ట్రంతో మొదలవలేదు, యూనివర్సిటీతో మొదలైంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్. తాత్కాలికంగా బెజవాడలో పెట్టారు. కాయంగా ఎక్కడన్న దగ్గర బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం పేర్లు లేచాయి. ఎవరి ఊరు వాళ్లకి ముద్దు. చివరికి 1930లో వాల్తేరు కొండల మీదికి చేరింది. రాయలసీమ కాలేజీలు మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. కోస్తా వాళ్లతో కలిసి రాష్ట్రం పెట్టుకుంటే మన గతేమిటన్న అనుమానం సీమలో అప్పుడే వేరు పట్టింది. తొంభై ఏళ్ల తర్వాత మనం చూసిన నాటకంలోని పాత్రలన్నీ అప్పటికే వేషం కట్టేసి ఉన్నాయన్నమాట.

ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు 'శ్రీబాగ్'లో పెద్దలు కూర్చున్నారు. ఆ ఒడంబడికను ఇప్పుడు అందరూ రాజధాని, హైకోర్టుల పంపకంగానే గుర్తు పెట్టుకుంటున్నారు. నిజానికి అందులో వరస వేరు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. సాగునీటిలో పదేళ్ల పాటు సీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. శాసనసభ సీట్లు జిల్లాకు సమానంగా ఉండాలి. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు ఇంకో ప్రాంతంలో పెట్టాలి, ఏది కావాలో ముందు కోరుకునే హక్కు సీమది. నీళ్లూ చదువూ ముందు, కుర్చీ తర్వాత. ఆ పెద్దలు విస్తరి గురించి మాట్లాడుకున్న తర్వాతే పీట గురించి మాట్లాడారు. తర్వాతి తరాలు పీటని పట్టుకుని విస్తరిని వదిలేశాయి.

శ్రీబాగ్‌లో ఇంకో సంగతి మా వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. అక్కడ కూర్చున్నవి రెండే పక్షాలు, కోస్తా, సీమ. ఉత్తరాంధ్ర అనే మూడో పీట లేదు. శ్రీకాకుళం మొదలు నెల్లూరు దాకా అంతా కోస్తాయే. తుంపాల చెరుకు రైతూ తెనాలి వరి రైతూ ఒకే పక్షం. కృష్ణా, గోదావరి ఆనకట్టలు ఏ జిల్లాల్ని మార్చాయో, ఏ జిల్లాల్ని వానకి వదిలేశాయో తెలిసినవాడికి ఆ లెక్క ఎంత మోసమో అర్థమవుతుంది. మా శారదా నది వానాకాలంలో కట్టలు తెంచుకుంటుంది, వేసవిలో ఇసుక చూపిస్తుంది. డెల్టా అని పిలిపించుకునే యోగం దానికి లేదు.

తర్వాతి అంకం మద్రాసు. ఆంధ్రులు మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అని 1949లోనే జేవీపీ కమిటీ చెప్పింది. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో దీక్షకు కూర్చున్న పొట్టి శ్రీరాములు డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. వివరాలు తేల్చడానికి వచ్చిన జస్టిస్ వాంఛూ, కొత్త రాష్ట్రం నిలదొక్కుకునే దాకా మద్రాసు నుంచే పాలన సాగించుకోవచ్చన్నాడు. ముఖ్యమంత్రి రాజాజీ ఒప్పుకోలేదు. కొన్నాళ్ల పాటు ఉండనిస్తే ఆంధ్రులు కదలరని ఆయన భయం. ఆ భయం పూర్తిగా అన్యాయమని నేననలేను. మనవాళ్ల 'తాత్కాలికం' ఎంతకాలమో 'కాయం' ఎంతకాలమో తెలుసుకోవడానికి తర్వాతి చరిత్ర చాలు.

మద్రాసు చేజారాక 1953లో ఆంధ్ర శాసనసభ్యులు కూర్చుని రాజధాని వెతికారు. విజయవాడ, గుంటూరు, విశాఖ, తిరుపతి, కర్నూలు, అన్నీ వరసలో నిలబడ్డాయి. కమ్యూనిస్టులకి అప్పట్లో 40 మందికి పైగా సభ్యులు, బలమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో. వాళ్లు విజయవాడ వైపు లాగారు. వాళ్ల కోటలో రాజధాని పెట్టడం కాంగ్రెసుకి ఇష్టం లేదు. నీలం సంజీవరెడ్డి శ్రీబాగ్ కాగితం చేతపట్టి సీమకి ఇచ్చిన మాట నిలబెట్టమన్నారు. టంగుటూరి ప్రకాశానికి సీమ మద్దతు కావాలి. ఇలా ఎవరి అవసరం వాళ్లది కలిసి కర్నూలు గెలిచింది. ఆ చర్చలో ఊరి యోగ్యత గురించి ఎంత మాట్లాడారో, ఓట్ల గురించి అంతకు రెట్టింపు ఆలోచించారు. రాజధానిని ఎంచిన ప్రతిసారీ మనవాళ్లు చేసింది ఇదే, కాకపోతే 1953లో ఆ సంగతి దాచుకోలేదు.

1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి కర్నూలులో రాష్ట్రం ప్రారంభించారు. కొండారెడ్డి బురుజు ఊళ్లో ఆఫీసులకి చాలినన్ని ఇళ్లు లేవు. గుడారాలు వేశారు. చిన్న గాలికి రెపరెపలాడే గుడ్డగోడల మధ్య ఒక రాష్ట్రం ఫైళ్లు నడిచాయి. ప్రకాశంగారి మంత్రివర్గంలో ఆర్థికమంత్రి తెన్నేటి విశ్వనాథం, మా విశాఖ జిల్లా మనిషి. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. ఒప్పందం అక్షరాలా అమలైంది. అలా మూడేళ్ల మీద ఒక నెల నడిచింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధానీ హైకోర్టూ రెండూ హైదరాబాదుకి పోయాయి. సీమకి చేతికొచ్చిన పీటా పోయింది, నీళ్ల విస్తరీ సరిగా రాలేదు. కర్నూలులో గుడారాలు పీకేశాక ఏం మిగిలిందని ఆ ఊరివాళ్లని అడిగితే నవ్వుతారు. ఆ నవ్వులో తమాషా ఏమీ ఉండదు.

హైదరాబాదు కథ అందరికీ తెలిసిందే కనక దాటేస్తాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కట్టిన కోటలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం, సర్కారు భవనాలు అన్నీ ఉన్న నగరం వడ్డించిన విస్తరిలా దొరికింది. దాని మీద కేంద్రం ఫ్యాక్టరీలు, పరిశోధనశాలలు పెట్టింది. తర్వాత ఐటీ వచ్చింది. రాజధాని అంటే సచివాలయం కాదు, సర్వస్వం అన్న అర్థం తెలుగువాళ్ల మనసులో అక్కడే స్థిరపడింది. 2014లో అది పోయాక కొత్త రాజధాని కోసం పడ్డ తపనంతా ఆ అర్థం కోసమే. ఇరవై అంతస్తుల సచివాలయం కోసం ఎవరూ కొట్టుకోరు. పిల్లాడి ఉద్యోగం కోసం కొట్టుకుంటారు.

ఇప్పుడు విశాఖ సంగతి. పీట లేకుండా విస్తరి దొరికిన ఊరది. 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా వాళ్ల నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన అయింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఆపైన బీహెచ్‌పీవీ. ఏదీ రాజధాని అన్న పేరు మీద రాలేదు. లోతైన సముద్రం, వెనక రాయపూర్ దాకా రైలుదారి, రెండూ ఉన్నాయి కనక వచ్చాయి.

ఉక్కు సంగతి వేరు. అది ఉద్యమం మీద వచ్చింది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్నప్పుడు ఉత్తరాంధ్ర ఒక్కటే అనలేదు. విజయవాడ అంది, గుంటూరు అంది, తెలంగాణా అంది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 ఊళ్లు భూములిచ్చి లేచిపోయాయి. ఫ్యాక్టరీ కోసం తెలుగువాళ్లంతా ఒక్కటయ్యారు. రాజధాని కోసం ఒక్కసారి కూడా కాలేదు. నాకు ఈ తేడా మొత్తం తగువులో అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఉక్కు కొలిమి ఎక్కడ వెలిగినా దానిలో నా కొడుక్కి పని దొరుకుతుందని గుంటూరు రైతు నమ్మాడు. రాజధాని మీద ఆ నమ్మకం ఎవరికీ లేదు. అది పక్కవాడి ఊళ్లో పెడితే పక్కవాడిదే.

2014 విభజన చట్టం హైదరాబాదుని పదేళ్లకి ఉమ్మడి రాజధాని చేసి, కొత్త చోటు వెతకడానికి కేంద్రం చేత కమిటీ వేయించింది. కేసీ శివరామకృష్ణన్ అధ్యక్షుడు. పట్టణాల వ్యవహారం తల పండేలా చూసిన అధికారి. ఆయన బృందం ఆగస్టు చివర్లో ఇచ్చిన నివేదిక సారం ఇది: ఒకేచోట కొత్త మహానగరం కట్టకండి, విజయవాడ-గుంటూరు మధ్య బంగారం పండే భూముల్ని పాడుచేయకండి, ఆఫీసుల్ని ఉత్తరాంధ్రకీ సీమకీ కూడా పంచండి. సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి చంద్రబాబు శాసనసభలో విజయవాడ పరిసరాల్లో రాజధాని అని ప్రకటించారు. అదే రోజు 13 జిల్లాలకీ ఏ జిల్లాకేమిటో ఒక పెద్ద జాబితా చదివారు. ప్రతిపక్ష నాయకుడు జగన్ విజయవాడకి అభ్యంతరం చెప్పలేదు, కనీసం 30 వేల ఎకరాలు ఉండాలన్నారు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు టీవీల్లో తిరిగిందో లెక్కలేదు. నిపుణుల నివేదికని మాత్రం ఎవరూ తిప్పలేదు.

అమరావతి కోసం 29 ఊళ్ల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు పూలింగుకి ఇచ్చారు. మెట్ట ఎకరం ఇస్తే 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం. నీటి వసతి ఉన్న జరీబు భూమి అయితే వ్యాపార స్థలం 450 గజాలు. పదేళ్లు కౌలు, మెట్టకి ఏటా 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏడాదికి పది శాతం పెంపు. భూమి లేని కూలీకి నెలకి 2,500 పెన్షను. ఇంత పెద్ద ఎత్తున, డబ్బు చేతిలో పెట్టకుండా, ఒప్పందం మీద భూమి సేకరించడం దేశంలో అరుదే. అందులోని తెలివిని మెచ్చుకోవాలి. దాని బలహీనతా అందులోనే ఉంది. రైతు బతుకంతా ఒక ప్రభుత్వం మాట మీద వేలాడింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని మోదీ పార్లమెంటు మట్టి, యమున నీరు తెచ్చి శంకుస్థాపన చేశారు. ఎక్కువ డబ్బు ఆశించిన మనవాళ్లు ఆ మట్టి చూసి వేసుకున్న జోకులు ఇక్కడ రాయను.

2019 డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్ శాసనసభలో మూడు రాజధానుల మాట ఎత్తారు, దక్షిణాఫ్రికాలో లేవా అన్నారు. జీఎన్ రావు కమిటీ, బోస్టన్ కన్సల్టింగ్ వాళ్లు మూడు వారాల్లోపే వరసగా నివేదికలిచ్చారు. 2020 జనవరి 20న శాసనసభ బిల్లు పాస్ చేసింది. విశాఖలో కార్యనిర్వాహక రాజధాని, అమరావతిలో శాసన రాజధాని, కర్నూలులో న్యాయ రాజధాని. మండలి ఛైర్మన్ షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానంటే, వారం తిరక్కుండానే మండలినే రద్దు చేయమని శాసనసభ తీర్మానించింది.

దక్షిణాఫ్రికా ఉదాహరణ వినడానికి బాగుంటుంది. కానీ ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూంఫోంటేన్ మధ్య పంపకం వికేంద్రీకరణ కోసం పుట్టలేదు. 1910లో విడివిడి వలస రాజ్యాలు ఒక యూనియన్‌గా కలిసేటప్పుడు ఎవరూ అలగకుండా చేసుకున్న బేరం అది. అంటే అదీ ఒక శ్రీబాగే. మన దేశంలోనే దగ్గర పోలికలున్నాయి. నాగపూర్ ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర శాసనసభ శీతాకాలంలో నాగపూర్ వెళుతుంది. శాసనసభ్యులు వచ్చి పోతారు, విదర్భ రైతు కష్టం పోలేదు. ఉత్తరాఖండ్ కొండవాళ్లు గైర్‌సైణ్ కోసం దశాబ్దాలు కొట్లాడితే 2020లో దాన్ని వేసవి రాజధాని అన్నారు. పరిపాలన దేహరాదూన్‌లోనే ఉంది. పొరుగున ఒడిశాలో 1948లో భువనేశ్వర్‌కి పునాది వేసి హైకోర్టుని కటక్‌లోనే ఉంచారు. అది సాఫీగా సాగింది, కారణం రెండు ఊళ్ల మధ్య గంట ప్రయాణం కూడా లేకపోవడం. శ్రీకాకుళం జిల్లా కక్షిదారు కేసు వాయిదాకి కర్నూలు వెళ్లడం ఆ లెక్కలోకి రాదు.

మరి మాకేమనిపించింది? నిజం చెప్పాలంటే ముందు సంతోషమే అనిపించింది. ఉత్తరాంధ్ర అనే పేరుకి మొదటిసారి చట్టంలో పీట దొరికింది. శ్రీబాగ్‌లో కనిపించని మూడో పక్షం 83 ఏళ్లకి గదిలోకి వచ్చింది. ఈ భావాన్ని అమరావతి మిత్రులు వెటకారం చేస్తే నాకు కోపం వస్తుంది. విభజన చట్టం కింద వెనుకబడిన జిల్లాకి ఏటా 50 కోట్లు అని మూడేళ్లు ఇచ్చి ఆపేసిన కేంద్రాన్ని చూశాక, 8 లక్షల ఎకరాలకి నీళ్లిస్తుందన్న ఉత్తరాంధ్ర సుజల స్రవంతి కాగితాల మీద ప్రవహించడం చూశాక, ఎవరైనా దేన్నైనా పట్టుకుంటారు.

కానీ సంతోషం కొంచెం నిలకడ మీద పడగానే భూమి లెక్క మొదలైంది. 2020 జనవరిలోనే విశాఖ చుట్టూ 10 మండలాల్లో పేదల ఇళ్ల స్థలాలకని 6,116 ఎకరాల పూలింగుకి జీవో 72 వచ్చింది. అందులో మా అనకాపల్లి, సబ్బవరం, పరవాడ ఉన్నాయి. ప్రభుత్వం అసైన్ చేసిన డీపట్టా భూమి ఎకరానికి 900 గజాలు. అమరావతిలో మెట్ట ఎకరానికి 1,250 గజాలు, పదేళ్ల కౌలు ఇచ్చారు. ఇక్కడ జీడితోట వేసుకున్న అసైన్డు రైతుకి ఆ బేరం దొరకలేదు. అమరావతిలో ఒక కులం బాగుపడిందన్న ఆరోపణ చుట్టూ నాలుగేళ్లు మాట్లాడుకున్నాం. ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసుల్ని హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. మా వైపు డీపట్టా రైతు కులం ఏదో మాత్రం ఏ చానలూ అడగలేదు.

2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం, రాజధానిని మార్చే అధికారం శాసనసభకి లేదని, అమరావతిని కట్టి తీరాలని చెప్పింది. అప్పటికే ప్రభుత్వం మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకుంది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు పెట్టిన గడువుల మీద స్టే ఇచ్చింది. చట్టం లేదు, తీర్పు ఉంది, తీర్పు మీద స్టే ఉంది. ఆ త్రిశంకు స్వర్గంలో, స్టే ఇంకా రాకముందే, రాజకీయం అసలు వేడెక్కింది, అది కూడా మా జిల్లాలో.

2022 సెప్టెంబరు 12న అమరావతి రైతులు అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి పాదయాత్ర మొదలుపెట్టారు. జాతీయ రహదారి మీదుగా వస్తే తాండవ వంతెన దాటి పాయకరావుపేట దగ్గర మా జిల్లాలో అడుగుపెట్టాలి. వాళ్లు దండెత్తి వస్తున్నారని అధికార పక్షం అంది. మా అనకాపల్లి ఎమ్మెల్యే గుడివాడ అమర్‌నాథ్ అప్పుడు పరిశ్రమల మంత్రి, విశాఖ రాజధానికి అందరికన్నా పెద్ద గొంతు. చోడవరం ఎమ్మెల్యే కరణం ధర్మశ్రీ రాజీనామా లేఖ స్పీకర్ ఫార్మాట్లో రాసి విశాఖ రాజధాని కోరే జేఏసీ కన్వీనరు చేతికిచ్చారు. స్పీకరుకి కాదు. అక్టోబరు 15న విశాఖలో రాజధాని కోసం 'గర్జన' జరిగింది, ఆ రోజు వాన కూడా గట్టిగా గర్జించింది. వారానికి, 22న, కోనసీమలో రామచంద్రపురం దగ్గర గుర్తింపు కార్డుల తనిఖీ గొడవతో పాదయాత్ర ఆగిపోయింది. హైకోర్టు అనుమతిచ్చిన 600 మంది ఎవరన్నది తేలాలన్నారు పోలీసులు. ఆ నడక తాండవ దాటలేదు.

నాకు అదొక లోటుగానే ఉండిపోయింది. వాళ్లు మా ఊరు వచ్చుంటే గోల జరిగేదేమో. కానీ తుళ్లూరులో 1,000 గజాల కాగితం పట్టుకున్న రైతూ సబ్బవరంలో 900 గజాల కాగితం పట్టుకున్న రైతూ ఒక్కసారి ఎదురుపడేవారు. ఇద్దరి సంచుల్లోనూ ఉన్నది ప్రభుత్వ ముద్ర ఉన్న మాటే.

ఓటు ఏం చెప్పిందన్నది అందరూ ఒకలా చదవరు. 2021 మార్చిలో విశాఖ కార్పొరేషన్లో 98 వార్డులకి 58 వైఎస్సార్‌సీపీ గెలిచింది. అప్పుడు దాన్ని రాజధానికి తీర్పు అన్నారు. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల సీటు తెలుగుదేశం గెలిచింది. 2024లో మా జిల్లాలో ఒక్క సీటూ వైఎస్సార్‌సీపీకి రాలేదు. అమర్‌నాథ్ ఈసారి గాజువాకలో నిలబడి పల్లా శ్రీనివాసరావు చేతిలో 95,235 ఓట్ల తేడాతో ఓడిపోయారు, రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీ అది. రాజధాని ఇస్తామన్న పార్టీని రాజధాని పొందాల్సిన ఊళ్లే ఓడించాయి. విశాఖ వాళ్లకి రాజధాని వద్దన్నమాట అని కొందరు తేల్చేశారు. అంత తేలిగ్గా నేను తేల్చను. గాజువాక ఉక్కు కార్మికుల ఊరు. 2021 జనవరి 27న కేంద్రం స్టీల్ ప్లాంటు అమ్ముతామన్నాక అక్కడి ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర సచివాలయం ఊసు రాలేదు, వచ్చే నెల జీతం ఊసు వచ్చింది. పీట ఇస్తామంటూ విస్తరి లాగేస్తుంటే చూస్తూ ఊరుకున్నవాడికి ఓటు పడదు.

పీట ఏమిస్తుందో, ఏమివ్వదో చూడ్డానికి మాకు దూరం వెళ్లక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. 1877 నుంచి మునిసిపాలిటీ ఉన్న ఊరు ఇది. కాని 2013లో ఆ మునిసిపాలిటీని విశాఖ కార్పొరేషన్లో కలిపేశారు. అంచేత ఇప్పుడు మా ఊళ్లో కలెక్టరు ఉన్నారు, ఎస్పీ ఉన్నారు, ఇంటిపన్ను మాత్రం పక్క జిల్లా కార్పొరేషన్‌కి కడతాం. దేశంలో ఇలాంటి వింత జిల్లా కేంద్రం ఇంకెక్కడైనా ఉంటే చూడాలని ఉంది. మాడుగుల, రావికమతం వాళ్లకి కలెక్టరు దగ్గరయ్యారు, అది నిజమైన మేలే. విశాఖ వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోయేది, ఇప్పుడు పూటలో తెమిలిపోతుంది. ఇంటి అద్దెలు పెరిగాయి. లాయర్ల బోర్డులు పెరిగాయి. తుంపాల చక్కెర ఫ్యాక్టరీ గేటుకి తాళం మాత్రం అలాగే ఉంది. చెరుకు విస్తీర్ణం తగ్గి, బెల్లం మార్కెట్‌కి వచ్చే దిమ్మలూ ఏటేటా తగ్గుతున్నాయి. నూకాలమ్మ జాతర రోజుల్లో మార్కెట్ యార్డులో కళాసీలకి తీరిక దొరకని కాలం నాకు గుర్తుంది. ఇప్పుడు పేకాటకి కూడా మనుషులు దొరుకుతున్నారు.

ఇప్పుడు అమరావతి మళ్లీ లేచింది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ద్వారా 15 వేల కోట్లు ఇప్పిస్తామని 2024 జులై బడ్జెట్లో కేంద్రం చెప్పింది. 2025 మే 2న మోదీ వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. ఇప్పటి శాసనసభలో స్పీకరు కుర్చీ మా నర్సీపట్నం ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడిది, హోంమంత్రి మా పాయకరావుపేట ఎమ్మెల్యే వంగలపూడి అనిత. పీటల లెక్క తీస్తే మాకిప్పుడు లోటేమీ లేదు. విస్తరి అంటూ వస్తున్నది సముద్రం ఒడ్డున ఉంది. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు, రాంబిల్లి వైపు గూగుల్ డేటా సెంటర్ తాలూకు భూములు. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఒక ఫార్మా కంపెనీలో పేలుడుకి 17 మంది పోయారు. 2025లో రాజయ్యపేట మత్స్యకారులు డ్రగ్ పార్కు వద్దని హైవే మీద కూర్చున్నారు. రాజధాని కోసం గర్జించినప్పుడు వచ్చిన నాయకులెవరూ ఆ హైవే మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

మొన్నీమధ్య సబ్బవరం మీదుగా ఆనందపురం బైపాస్‌లో వెళ్తుంటే ఆ కొలగారే పక్కన కూర్చున్నారు. 2020లో ఆయనా ఓ లేఅవుట్లో 200 గజాలు కొన్నారు. చూపిస్తానని కారు ఆపించారు. సిమెంటు కమాను, దాని వెనక తుప్పల్లో తెల్లసున్నం వేసిన నంబరు రాళ్లు, వాటి మధ్య మేకలు. కమాను మీద అప్పట్లో 'క్యాపిటల్' అని ఉండేదట. ఆ మాట మీద రంగేసి కొత్తగా 'డేటా సిటీ' అని రాశారు. కింద పాత అక్షరాలు ఇంకా పలచగా కనిపిస్తున్నాయి. ఆయన తన రాయి వెతకడానికి దిగారు. 47వ నంబరు దొరికింది, 49 దొరికింది. 48 కోసం తుప్పల్లో కాలితో తడుముతుంటే మేకలు కాసే కుర్రాడొచ్చి, "ఆ రాయా బాబూ, మా అమ్మ బట్టలుతుక్కోడానికి పట్టుకెళ్లింది" అన్నాడు.